డిస్కు పట్టని మెషీన్

బుల్లీ,

ముందే చెబుతున్నాను, చదవగానే మొహం మాడ్చుకోకు. పాత గేమ్ మెషీన్ అమ్మేశాను. కొత్తది కొన్నాను. తెల్లగా, సన్నగా, పలకలా ముద్దొస్తోంది. ఒక్కటే తేడా, దీనికి డిస్కు పెట్టే సందు లేదు. గేమ్ కావాలంటే నెట్‌లోంచి దించుకోవడమే. నిన్న ఒకటి దించాను. అది దిగేలోపు బట్టలు ఉతికి ఆరేసి, మీ బావతో ఒక విడత పోట్లాడి వచ్చాను. అయినా హాయిగా ఉంది. డిస్కు మార్చడానికి లేవక్కర్లేదు, మీ బావ తొక్కి విరగ్గొడతాడన్న బెంగ లేదు. పొద్దస్తమానం బస్టాండులో మైకు ముందు అరిచి ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాక, మళ్ళీ లేచి పెట్టెలు వెతకడం నా వల్ల కావడం లేదే.

మరి మన డిస్కుల సంగతేమిటంటావు. తొమ్మిదేళ్ళుగా ఏ గేమ్ కొన్నా ఒకటే డిస్కు, నా దగ్గర పదిహేను రోజులు, నీ దగ్గర పదిహేను రోజులు. పెట్టెలో అట్టకాగితం వెనక మడిచిపెట్టిన ఉత్తరం. నేనూ ఆలోచించాను. ఇన్నేళ్ళలో మనిద్దరం ఒక్కసారైనా కలిసి ఆడామా? నేను ఆడుతుంటే నువ్వు చేతులు కట్టుకుని కూర్చోవాలి, నువ్వు ఆడుతుంటే నేను. ఇప్పుడు చెరొకటి దించుకుంటే ఒకే సాయంత్రం, గేమ్‌లో ఒకే కొండ మీద, నువ్వూ నేనూ. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కబుర్లు చెప్పుకుంటూ ఆడొచ్చు. నీ మెషీన్‌లో రెండు రకాలూ ఆడతాయటగా. హెడ్‌సెట్ నీకూ కొనేశాను, ఈ పార్సెల్‌లోనే ఉంది. రంగు నచ్చకపోయినా నచ్చిందనే రాయి. ఆఖరి డిస్కు కూడా పెట్టాను, నా దగ్గర ఇక దానికి పనిలేదు.

మీ బిల్డింగులో నెట్ సరిగ్గా రాదని పోయినసారి రాశావు. దానికీ మందుంది. పై ఆదివారం కాక ఆపై ఆదివారం మీ బావ వస్తాడు. ఊళ్ళో అందరిళ్ళకూ కరెంటు పని చేసే మనిషి, మరదలి ఇంట్లో ఒక వైరు లాగలేడా? ఇప్పటినుంచే సంచీ సర్దుకుంటున్నాడు.

నీ అక్క

*

అక్కా,

హెడ్‌సెట్ అందింది. రంగు నచ్చింది. బావను మాత్రం పంపకు. మా నెట్ బాగానే ఉంది. మొదటినుంచీ బాగానే ఉంది. నేనే అబద్ధం రాశాను.

ఎందుకో చెప్పడానికి నాలుగు రోజులుగా కాగితం ముందు కూర్చుని నీళ్ళు నములుతున్నాను. మొదట డిస్కుల తరఫున వకాల్తా పుచ్చుకుని రెండు పేజీలు రాశాను. డిస్కు కొంటే అది మనది, ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు, అలమరలో పెట్టి చూసుకోవచ్చు. దించుకున్న గేమ్ ఆ కంపెనీవాడు దయతలచినన్నాళ్ళే మనది, అని. అవన్నీ నిజాలే. కానీ నా అబద్ధానికి కారణం అవి కావు. అందుకని ఆ రెండు పేజీలూ చింపేశాను.

డిస్కు మీద గీతలు పడితే మా వర్క్‌షాపుకు తీసుకెళ్ళి, కళ్ళద్దాలకు మెరుగు పెట్టే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు తుడిచి తుడిచి నీకు పంపేదాన్ని. ఆ పని నాకు ఇష్టమే. కానీ నేను చెవి కోసుకునేది పెట్టెలో వచ్చే ఉత్తరం కోసం. కాగితం మీద నాకు నత్తి లేదక్కా. ఎంత పొడుగు వాక్యమైనా మొదలుపెట్టగలను, ముగించగలను, మధ్యలో ఎవరూ అందుకోరు. ఫోనులో అలా కాదు. నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. నేను ఒక మాట దగ్గర ఇరుక్కున్నానంటే చాలు, మిగతాది నువ్వు చెప్పేస్తావు. ఇప్పుడు ఆ హెడ్‌సెట్ తగిలించుకుంటే ఆటలోనూ అంతే. పైగా ఇద్దరం ఒకే గేమ్‌లో ఉంటే ఇక ఉత్తరం ఎవరు రాస్తారు? నాకు నోరుండేది ఆ పెట్టెలోనే. అదీ పోతుందని భయపడి నెట్ రాదని రాశాను.

నువ్వు నా మాట అందుకునేది ప్రేమతోనే, తెలుసు. బడిలో నన్ను "నత్తిదానా" అన్నవాడి చొక్కా పట్టుకున్నది నువ్వే. అందుకే ఈ సంగతి ఇంతకాలం రాయలేకపోయాను. పదకొండేళ్ళ కిందట నన్ను ఈ కళ్ళద్దాల షాపుకు తీసుకొచ్చావు, గుర్తుందా? యజమాని నా వైపే చూసి, "లోపల అద్దాలు అరగదీసే పనుంది, బయట కౌంటర్లో మనుషులతో పనుంది, నీకేది కావాలమ్మా?" అని అడిగాడు. నేను "నాకు" అన్నాను. తరువాతి మాట గొంతులో పట్టేసింది. నువ్వు నా భుజం మీద చెయ్యి వేసి, "లోపల పనే ఇవ్వండి సార్. నోట్లో నాలుక లేని పిల్ల, దానికదే హాయి" అన్నావు. ఆయన అలాగే రాసుకున్నాడు.

నాకు కౌంటర్ కావాలక్కా. కొత్త అద్దాలు పెట్టుకున్న మనిషి వీధిలోకి చూసి "అబ్బ!" అంటాడే, ఆ మొహం చూడాలని ఉండేది. ఇప్పటికీ ఉంది. పదకొండేళ్ళుగా అద్దాలు నేను అరగదీస్తున్నాను, ఆ "అబ్బ" మాత్రం తలుపు అవతలినుంచి వింటున్నాను. లోపలి పని చెడ్డదని కాదు, చేతికి బాగా అలవాటైంది కూడా. కానీ అది నేను కోరుకున్నది కాదు.

నీ మీద కోపం ఉంది. నువ్వంటే ప్రాణం కూడా. రెండూ రాసేశాను. హెడ్‌సెట్ తిప్పి పంపమంటే పంపుతాను, ఇంకా కవరు కూడా విప్పలేదు.

నీ చెల్లి

*

బుల్లీ,

నీ ఉత్తరం డ్యూటీ ఎక్కే ముందు చదవడం నా తప్పు. ఆ పూట నాలుగో ప్లాట్‌ఫారం బస్సును రెండో ప్లాట్‌ఫారం అని మైకులో చెప్పేశాను. జనం సంచులు పట్టుకుని అటొకళ్ళు ఇటొకళ్ళు ఒకటే ఉరుకులు. మా ఆఫీసరు పరిగెత్తుకొచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగాలేదనే చెప్పాను.

నాకు ఆ రోజు నువ్వు "నాకు" అన్న సంగతే గుర్తులేదే. అదే ఎక్కువ సిగ్గుగా ఉంది. నీ భుజం మీద చెయ్యి వెయ్యడం గుర్తుంది, చెల్లెల్ని గట్టెక్కించానని దారి పొడుగునా పొంగిపోవడం గుర్తుంది. ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. సందు దొరికింది కదా, ఊరుకుంటాడా? "నా మాటలూ నువ్వే పూర్తి చేస్తావు. నాకు ఉత్తరం రాయడం చేతకాక ఊరుకున్నాను" అన్నాడు. ఈ మెషీన్ చూడు, ఇదీ నిన్ను అడక్కుండానే కొన్నాను. హెడ్‌సెట్టూ అంతే. పైగా నచ్చిందని రాయమని కూడా నేనే చెప్పాను. ఛీ, నా నోరు పడ!

షాపతను నెలలోపు మార్చుకోవచ్చన్నాడు, ఇంకా పదిహేడు రోజుల గడువుంది. డిస్కులే కావాలంటే డిస్కు పట్టే మెషీనే తెచ్చుకుంటాను, మునుపటిలాగే పంపుకుందాం. దించుకుని ఆడదామంటే అలాగే. హెడ్‌సెట్ లేకుండా మాటాపలుకూ లేకుండా ఆడదామన్నా సరే, నోరు కుట్టేసుకుంటాను, బతికి బట్టకడితే అదృష్టం. తేల్చాల్సింది నువ్వు. ఎన్ని రోజులు పట్టినా సరే. ఈసారి నేను అందుకోను.

అక్క

*

అక్కా,

మెషీన్ మార్చకు. దించుకునే ఆడదాం, హెడ్‌సెట్ పెట్టుకో అని నేను రెండు ముక్కల మెసేజ్ పంపాక ఆదివారం జరిగింది నీకు తెలిసిందే, నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా నా వైపునుంచి ఎలా ఉందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే గేమ్ దించడం మొదలుపెట్టి ఇల్లు రెండుసార్లు ఊడ్చాను. నూటికి తొంభై తొమ్మిది దాకా వచ్చి అక్కడ ఇరుక్కుపోయింది. పోనీలే, ఇదీ నాలాంటిదే, తొందరపెట్టకూడదు అనుకుని టీ పెట్టుకున్నాను. నాలుగింటికి ఇద్దరం కొండ కింద కలుసుకున్నాం. అరగంటసేపు ఒక్క మాట లేదు. హెడ్‌సెట్‌లో నీ ఊపిరి, వెనకాల బావ తుమ్ములు. నువ్వు నోరు మూసుకుని ఉండటానికి ఎంత అవస్థ పడుతున్నావో నాకు వినిపిస్తూనే ఉంది.

వంతెన దగ్గర ఆ రాతి రాక్షసుడు లేచాడు చూడు, సరిగ్గా అప్పుడే నాకు మాట వచ్చింది. అంతకు ముందు అరగంట ఏం చేశానంటే ఏం చెప్పను! "అ-అక్కా, సో-సో-సోమవారం నేను" అని అక్కడ పట్టేసింది. నువ్వు కత్తి దించేసి నా వైపు తిరిగి నిలబడ్డావు. వాడు వెనకనుంచి నిన్ను ఒకటి మొత్తాడు. నీ ప్రాణం సగానికి పడిపోయింది. వెనక చూసుకోమని అరుద్దామంటే నాకు ఆ మాటా రాదు, ఈ మాటా రాదు. ఇంకోటి మొత్తాడు. "చావనీ, నువ్వు చెప్పు" అన్నావు.

చచ్చావు. నీ వెనకే నేనూ చచ్చాను. తెరంతా ఎర్రబడి మళ్ళీ ఆడతారా అని అడుగుతోంది. నువ్వు నొక్కలేదు. బావ ఏదో అనబోతే "ష్" అన్నావు. "సోమవారం నేను యజమానిని కౌంటర్ పని అడుగుతాను" అని చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. నీతో నోటితో మొదలుపెట్టి నోటితోనే ముగించిన వాక్యాల్లో అంత పొడుగుది ఇంకొకటి లేదు. ఆ తరువాత నాకు ఏడుపొచ్చింది. నీకూ వచ్చిందని తెలుసు, మైకు దగ్గర ముక్కు చీదితే ఎలా ఉంటుందో మైకు ముందు ఉద్యోగం చేసే నీకు నేను చెప్పాలా?

సోమవారం అడిగాను. ఆయన సగంలోనే, "ఏమ్మా, లోపల పని మానేస్తావా?" అని అందుకోబోయాడు. చెయ్యెత్తి, "ఆ-ఆగండి సార్, నేను చె-చెబుతాను" అన్నాను. ఆగాడు. ఇన్నేళ్ళూ నేనే ఆగమనలేదు. వారానికి రెండు రోజులు కౌంటర్, మిగతా రోజులు లోపల. నిన్న మొదటిరోజు. ఒక పెద్దావిడ అద్దాలు పెట్టుకుని వీధిలోకి చూడలేదు, నా మొహంలోకే చూసి "అబ్బ!" అంది. ఎందుకందో అడగలేదు, నేనూ నవ్వాను.

ఈ ఉత్తరం పాత డిస్కు పెట్టెలోనే పంపుతున్నాను. డిస్కు నా దగ్గర ఉంచుకున్నాను, నీ మెషీన్‌కు ఎలాగూ పట్టదు. పెట్టె మాత్రం పదిహేను రోజుల్లో తిప్పి పంపాలి, ఖాళీగా పంపావో ఊరుకోను. రాక్షసుడు ఇంకా వంతెన మీదే ఉన్నాడు. ఆదివారం నాలుగింటికి రా. నేను మాట్లాడుతుంటే ఈసారి నువ్వు చావక్కర్లేదు. వాణ్ణి కొడుతూనే విను, నేను ఎలాగూ ముగిస్తాను.

నీ బుల్లి