సరస్వతాకు, బీపీ మాత్ర

ఫిబ్రవరి 6, 1984
ఆయన్ని గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి నాలుగు రోజులు. కుడిచెయ్యి లేవదు. నోట మాట లేదు. మూతి ఓ పక్కకి వంకర... అయినా నన్ను చూసి నవ్వుతారు. పక్షవాతం మళ్లీ రాకూడదంటే బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. బడికి సెలవు పెట్టేశాను.

ఫిబ్రవరి 8
పసరు వైద్యం చేసే మస్తాన్ సాయిబు గారు వచ్చి నాడి చూశారు. సరస్వతాకు నూరి తేనెతో పరగడుపున ఇవ్వాలి. మెదడుకి బలమట, పోయిన జ్ఞాపకం, మాట తిరిగి వస్తాయట. నలభై రోజులు పథ్యం — కారం, పులుపు, వంకాయ ముట్టకూడదు.
నాలుగెకరాల మిర్చి పండించే మనిషికి కారం లేని కూడు!

ఫిబ్రవరి 9
నూరాను. మింగారు. నా వైపు చూసిన చూపు — పగవాడిని కూడా అలా చూడరు.

ఫిబ్రవరి 13
చప్పిడి సొరకాయ పప్పు. ఎడంచేత్తో కంచం నెట్టేశారు. ఇంటి ముందు కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు చూపిస్తారు, నన్ను చూస్తారు. కారం కోసం దొంగ చూపులు. నేనూ చప్పిడే తింటున్నానని చెబితే కాస్త మెత్తబడ్డారు.

ఫిబ్రవరి 15
ఆయన అక్కగారు, సుబ్బులు వదిన వచ్చింది. "ఒకే ఒంట్లో రెండు మందులేంటమ్మాయ్? ఆకు చలవ, ఆ మాత్ర వేడి. ఆకు గుణం చచ్చిపోద్ది" అంది. సాయిబు గారిని అడుగుదామంటే పెళ్లికని ఊరెళ్లారు.

ఫిబ్రవరి 16
మాత్ర వెయ్యలేదు.

ఫిబ్రవరి 20
"నీళ్లు" అన్నారు! వంటింట్లోకి పరిగెత్తి ఏడ్చాను, తర్వాత నీళ్లిచ్చాను. ఆకు మహిమే. వదిన మాట విని మంచి పని చేశాను.

ఫిబ్రవరి 23
"పద్మా" అన్నారు. పెళ్లయి పందొమ్మిదేళ్లు — "ఇదుగో" తప్ప పేరెత్తి ఎరగరు. సిగ్గేసింది, ఈ వయసులో.

ఫిబ్రవరి 25
పొద్దున ఆకు మింగి, చెయ్యి చాపారు. "మాత్ర."
అర్థం కానట్టు గిన్నె సర్దాను. ఐదు వేళ్లు చూపించారు. మళ్లీ ఐదు. పది రోజులు... లెక్క పెట్టుకుంటూనే ఉన్నారు. అడగడానికి ఆ మాట నోటికి రాక, నేను ఇచ్చిందే మింగుతూ.
అంతా చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "పద్మా... వెయ్యి" అన్నారు, అంతే. వేశాను.
మధ్యాహ్నం నుంచి మెడ వెనక చెయ్యి పెట్టుకుని చూపిస్తున్నారు. లాగుతోందట. రేపు తొలి బస్సుకి గుంటూరు. డాక్టరు గారికి చెప్పాల్సింది నేనే. ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని ఉన్నారు, వదలడం లేదు — ఎడంచేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు వంకర...