ఒక్క చీర, ఒక్కరికే

అత్తా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. మన మగ్గం చీరలకు ఆన్‌లైన్ దుకాణం తెరిచాను.

మొన్నటిదాకా వాట్సాప్‌లో ఫోటోలు పంపి అమ్మేదాన్ని. ఆ తొందరలో ఒకే పెళ్లిచీరను పెనుకొండ వాళ్లకూ, హిందూపురం వాళ్లకూ ఇస్తానని ఒప్పుకున్నాను. అలాంటిది రెండోది నేయం కదా, చివరికి పెనుకొండ వాళ్లకే ఇచ్చాను. "దుడ్లు ఎక్కువిచ్చినోళ్లకు ఇచ్చేస్తివా?" అంది హిందూపురం ఆమె. అప్పటినుంచి ఫోన్ మోగితే భయమేసేది.

అందుకే దుకాణం పెట్టుకునే సైట్లన్నీ నీ మనవరాలితో కూర్చుని చూశాను. "ఏమ్మా, సైటు డిజైన్లు చూడవా?" అని నవ్వింది.

"ఒకరు కొన్న చీర ఇంకొకరు కొనేదానికి కాకూడదు. అట్లాంటిది యాడుందో చూపియ్," అన్నాను.

ఆ పని సరిగ్గా చేసేదాన్నే ఎంచుకున్నాను.

ఈ పొద్దున పచ్చ చీరను ఎవరో కొన్నారు. వెంటనే దాని కింద 'అమ్ముడైంది' అని దానంతటదే పడింది. కాసేపటికి హిందూపురం ఆమె ఫోన్ చేసింది.

"పచ్చది పోయిందే! మగ్గం మింద ఇంకేముండాది?"

"ఎర్రంచుది ఉండాదక్కా."

"మగ్గం దిగతానే నాకే ఇయ్యి."

"దుకాణంలో అందరికీ కనపడేట్టు పెడతానక్కా. ముందు ఎవరు తీసుకుంటే వాళ్లదే."

ఆమె పకపకా నవ్వింది. "మీ అత్త మాదిరే మొగం మిందే చెప్తాండావే!"

ఆ మాట నీకు చెప్పాలనే ఇది రాశాను.