అన్నయ్య ట్రాక్

భాలుబాసా,
ఆగస్టు 3

ప్రియమైన అన్నయ్యా,

ఆదివారం ఫోన్లో అంతా బాగుందన్నానే, అది అబద్ధం. అమ్మ స్పీకర్ పెట్టుకుని పక్కనే కూర్చుంటే ఇంకేం చెప్పను? మిగతా ఆరు రోజులూ మీ రైల్వే ట్రైనింగ్ హాస్టల్లో ఫోన్లు లాక్కుంటారు. అందుకే ఇరవై రెండేళ్లొచ్చాక మొదటిసారి ఉత్తరం రాస్తున్నాను. నా దస్తూరీ చూసి నవ్వకు.

మన ‘జనరల్ షిఫ్ట్’ బ్యాండ్ తొలి ఆల్బమ్‌కి ఆరు పాటలు కావాలి. నెలాఖరు దాకానే గడువు. ఆ తర్వాత రికార్డింగ్ చేసే సౌరభ్ సామాను సర్దుకుని కలకత్తా వెళ్లిపోతాడు. మనం పాడుకునే ఆదిత్యపూర్ రేకుల షెడ్ సంగతి నీకు తెలిసిందే. పక్క యూనిట్‌లో చెవులు హోరెత్తించే ప్రెస్ మెషిన్ భోజనానికి ఆగే ముప్పావు గంటలోనే మా పాట. వాన పడిందా, రేకుల చప్పుడుకి అదీ లేదు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అసలు బాధ అది కాదు. నీ చోట డ్రమ్స్‌కి వచ్చిన అమర్ తాళం తప్పడు. సూరజ్ గిటారు, అర్పిత కీబోర్డు, నా గొంతు, దేనికీ వంక పెట్టడానికి లేదు. అన్నీ కలిపి వింటే మాత్రం ఇంకెవరి బ్యాండో అనిపిస్తోంది. నువ్వున్నప్పుడు ఇలా లేదు. రెండ్రోజులు సెలవు పెట్టి వచ్చి, ‘సైరన్’ పాట ఒక్కటి వాయించిపో. అమర్‌కి నేను సర్దిచెప్పుకుంటాను.

నీ కుదురులేని చెల్లెలు,
హాసిని

ఆగస్టు 8

ప్రియమైన కుదురులేనిదానా,

సెలవు లేదు. ఉన్నా రాను.

ఇక్కడ మాకు మొదట నేర్పేది ఇంజిన్ నడపడం కాదు, అరవడం. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు పైకి చెప్పాలి, బండి నడిపే లోకో పైలట్ అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరికీ కళ్లెదుటే ఉన్నా సరే. పొద్దుటినుంచి గ్రీన్, గ్రీన్ అని అరిచి నా గొంతు పోయింది. మొన్న మెస్సులో వంటాయన ‘పప్పు’ అంటే నేనూ ‘పప్పు’ అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

నా డ్రమ్స్ నీకు ఎందుకంత గొప్పగా అనిపిస్తాయో నాకు తెలుసు. అది రాయడానికి ఇంకా మనసొప్పడం లేదు. ముందు అమర్‌తో కూర్చుని మాట్లాడు.

నీ అన్నయ్య,
హరికిరణ్

భాలుబాసా,
ఆగస్టు 17

అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి మనసు రావడం లేదు. తప్పు చేశాను. దానికి నీ మీద కోపంగా ఉంది.

జూన్‌లో నువ్వు ‘సైరన్’కి వాయించిన ట్రాక్ సౌరభ్ దగ్గర ఉండిపోయింది. పోయిన వారం అమర్ రాని రోజున దాన్ని బయటికి తీయించాను. సూరజ్, అర్పిత, నేను దాని మీదే మళ్లీ వాయించి పాడాం. ఎంత హాయిగా ఉందో తెలుసా? అమర్‌కి తర్వాత చెబుదాం అనుకున్నాం. తర్వాత, తర్వాత అంటూ ఎవరం చెప్పలేదు.

నిన్న పాట పెడితే అమర్ తల వంచుకుని చివరిదాకా విన్నాడు. "యే మై నహీ హూఁ," అన్నాడు. వాయించింది తను కాదని ఎవరికి తెలియదు? కర్రలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఫోన్ తీయడం లేదు. ఇంకా రెండు పాటలు మిగిలాయి, రెండు వారాలే ఉన్నాయి. నువ్వు వచ్చి ఉంటే ఇదంతా జరిగేదా?

హాసిని

ఆగస్టు 21

ప్రియమైన చెల్లీ,

కోపం నా మీద తీర్చుకున్నావు కదా, ఇప్పుడు విను.

నేను ఉద్యోగం కోసమే బ్యాండ్ వదిలానని అందరికీ చెప్పాను. ఉద్యోగం ఇంకో ఏడాది తర్వాతైనా చూసుకునేవాణ్ణి. జూన్‌లో ఆ ట్రాక్ ఒంటరిగా కూర్చుని విన్నాను. ‘సైరన్’ సగం నుంచీ నేను పరుగెత్తాను. మీరు ముగ్గురూ నా వెనకే పరుగెత్తారు. పాట మలుపు తిరిగే ప్రతిచోటా మీరు ముగ్గురూ నా మొహమే చూసేవాళ్లు. ఒకరినొకరు వినేవాళ్లు కాదు. అది నాకు నచ్చేది కూడా. అందుకే భయమేసి తప్పుకున్నాను. నీకు హాయిగా ఉన్నది నా తాళం కాదు, నీ పని నేను చేసిపెట్టడం.

మొన్న సిమ్యులేటర్ మీద నేనూ వెధవపని చేశాను. పసుపు సిగ్నల్ చూశాను. పక్కన ఇరవయ్యేళ్ల సర్వీసున్న సారు, ఆయనకి కనబడదా అని నోరు మూసుకున్నాను. ఆయన బండి ఆపేశాడు. మన శ్రీకాకుళం మనిషే. "సూసినోడివి నువ్వు. సెప్పకపోతే నీ కళ్లెందుకు, నీ కుర్సీ ఎందుకు?" అన్నాడు. ఆ పూటంతా నిలబెట్టాడు.

సోనారి వెళ్లు. అమర్ ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకో. ఆ పాట గురించి వాడికేం అనిపించిందో అడుగు. మీ ముగ్గురిలో ఒక్కరైనా అడిగారా?

నీ అన్నయ్య,
హరి

భాలుబాసా,
ఆగస్టు 31

ప్రియమైన అన్నయ్యా,

వెళ్లాను. వాళ్లమ్మ తలుపు తీసి, "రామ్మా, ఆడు ఎవుల్తోనూ మాటాడ్డం లేదు," అంది. అమర్ ఎదురుగా కూర్చుని, నేనే చేశానని ఒప్పుకున్నాను. ఆ పాట గురించి అడిగితే, ఇంట్లో తెలుగే అయినా, ఎప్పటిలా హిందీలోనే చెప్పాడు. అది మరీ వేగమట. మూడో చరణానికి నా ఊపిరి తెగిపోతోందని మొదటిరోజే కనిపెట్టాడట. "మై నయా థా. క్యా బోల్తా?" అన్నాడు. నెల రోజులు పక్కనే కూర్చున్న మనిషి ఆ ఒక్క మాట కొత్తవాణ్ణని మింగాడంటే నాకు సిగ్గేసింది.

మర్నాటినుంచి, ఎవరి వాయిద్యం వాళ్లు విడిగా రికార్డు చేసేందుకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు తీసేశాం. నలుగురం మొహమొహాలు చూసుకుంటూ ఒకే గదిలో వాయించాం. ‘సైరన్’ వేగం తగ్గించాం. మూడు భోజనాల విరామాలు పాడయ్యాయి, వాన ఒకటి మింగింది, సూరజ్ అర్పిత మీద అరిచాడు, అర్పిత వాడి మీద ఇంకా గట్టిగా అరిచింది. అయినా నిన్న ఆరో పాట అయిపోయింది. ఇది మా బ్యాండే.

సౌరభ్ సామాను సర్దుతూ నీ ట్రాక్ ఏం చేయమని అడిగాడు. నేనే కూర్చుని చెరిపేశాను. కాపీ కూడా ఉంచుకోలేదు. ఆల్బమ్‌లో నువ్వెక్కడా లేవు, అన్నయ్యా. ‘సైరన్’ పాడినంతసేపూ ఒక్కసారి కూడా నీ కోసం చూడలేదు. పాట అయ్యాక ఆ సంగతి తట్టింది. షెడ్ బయటికెళ్లి, ప్రెస్ మెషిన్ మళ్లీ మొదలయ్యాక, ఎవరికీ వినబడదని గట్టిగా ఏడ్చాను.

నీ చెల్లెలు,
హాసిని