తాబేలు లేని తాబేటి చిప్ప

నవంబరు 11, మంగళవారం

ఇవాళ కొట్లోకి గిటారు వచ్చింది. షీల్డు కాదు, నేమ్‌ప్లేటు కాదు, గిటారు.

ఈ కొట్టు పెట్టినప్పటి నుంచీ నేను చేసిందల్లా పేర్లు రాయడమే. ఇళ్ళ పేర్లు, డాక్టర్ల బోర్డులు, కబడ్డీ షీల్డులు, శంకుస్థాపన పలకలు. అన్నిటికన్నా ఎక్కువ దాతల పేర్లు. మా వైపు ఎవరు ఏమిచ్చినా దాని మీద పేరుండాలి. అమలాపురం చుట్టుపక్కల ఏ గుళ్లో, ఏ చర్చిలో తలెత్తి చూసినా ఫ్యాను రెక్కల మీద నా అక్షరాలే తిరుగుతుంటాయి. కరెంటు పోతే గాని చదవలేరు, అది వేరే సంగతి.

గిటారు తెచ్చిన కుర్రాడి పేరు అభిషేక్. రాజోలు అవతల ఒక ఊరి చర్చిలో వాయిస్తాడు, పగలు రొయ్యల మేత కొట్లో పని చేస్తాడు. ఎలక్ట్రిక్ గిటారు మీద తీగల కింద ఒక ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది. చెక్క గీసుకుపోకుండా అడ్డు. పిక్‌గార్డ్ అంటారట. అది నాలుగు ముక్కలై ఉంది. తేనె రంగు మీద ఎరుపూ నలుపూ మచ్చలు, లోపలికెక్కడికో దిగిపోయినట్టు. టార్టాయిస్ షెల్ అంటారటండీ అన్నాడు. పూర్వం దువ్వెనలూ కళ్ళజోళ్ళూ నిజంగా తాబేటి చిప్పతోనే చేసేవారట, ఇప్పుడు అంతా ఆ రంగు ప్లాస్టిక్కే. ఆన్‌లైన్లో తెప్పించినవి రెండూ దీనికి సరిపోలేదు. ఈ గిటారు కంపెనీ పేరు ఎవరికీ తెలియదు, బెజ్జాలు ఎక్కడా కలవవు.

వాడి భయం వేరు. ఈ గిటారు కువైట్లో ఇళ్ళల్లో పని చేసే వాళ్ళ పిన్ని రెబెకా కొని చర్చికిచ్చింది. చర్చి గడప దాటకూడదని షరతు పెట్టింది. వీడు గుట్టుగా ముమ్మిడివరంలో ఒక రిసెప్షన్‌కి పట్టుకెళ్ళి వాయించాడు. వస్తూంటే బండి జారింది. ఆవిడ క్రిస్మస్‌కి వస్తోంది. తెలిస్తే సంఘపెద్ద సూర్యప్రకాష్ గారు గిటారు లాక్కుని తన కొడుక్కిచ్చేస్తారట, ఎప్పటి నుంచో అదే చూస్తున్నారట. నాకింకేం రాదు మేడంగారండీ, ఇదొక్కటే వచ్చు అన్నాడు.

చేస్తానన్నాను. ఎవరికీ చెప్పకూడదండీ అన్నాడు. కొట్లో మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చేతనవుతుందా అని మాత్రం అడగలేదు వాడు, అది నాకు నచ్చింది.

నవంబరు 13

పగిలిన ముక్కల ఫొటో తీసి, ప్రింటు కొట్టి, ప్లాస్టిక్ షీటు మీద స్టిక్కరులా అంటించాం. బస్సు సీటు కవరులా వచ్చింది. ఇంతటితో సరిపెట్టేద్దాం అన్నాడు మా ఆయన శివనాగరాజు. సరిపెట్టుకోవడం ఆయన్ని చేసుకున్నప్పుడే అయిపోయింది, మళ్ళీ ఇప్పుడెందుకు.

నవంబరు 16, ఆదివారం

పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ షీటు తీసుకుని వెనక వైపు బ్రష్షుతో మచ్చలు పెట్టాను. అన్నీ ఒకే సైజు, ఒకే ఎడం. ఈయన చూసి దసరా పులివేషం బాగుంది అన్నాడు. నిజమే. అక్షరాలు తీర్చిన చెయ్యి, మచ్చ కూడా తీర్చే పెడుతుంది.

నవంబరు 19

బెల్లం పాకం మాడిపోయింది. అచ్చం ఆ ప్లేటు రంగే. పారబోసే ముందు గిన్నె కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చాలాసేపు చూశాను. నన్ను మా అత్తగారు చూశారు.

నవంబరు 22

దొరికింది. వడ్రంగులు తలుపులకి వేసే లక్క పాలిష్. స్పిరిట్లో లక్క కరిగిస్తే అదే తేనె రంగు, అదే లోతు. ఇన్నాళ్ళూ పెయింట్ల కొట్టు చుట్టూ తిరిగాను, ఇది మా పక్క కొట్లోనే సీసాల్లో ఉంది. ఈయన లేజర్ మెషీన్ మీద ప్లేటు ఆకారం కోసి ఇచ్చాడు. వెనక పాలిష్ వేశాను. ఎంత బాగుందంటే భోజనానికి లేవలేదు.

నవంబరు 23, పొద్దున్న

పగిలింది.

నవంబరు 23, సాయంత్రం

ఇప్పుడు రాయగలను. అంచు చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు. లేజర్ వేడికి కోసిన అంచు బిగుసుకుపోయి ఉంటుంది, దానికి స్పిరిట్ తగిలితే చిట్లిపోతుంది. ఈ సంగతి నాకు తెలియంది కాదు. లేజర్ కోసిన బోర్డుని స్పిరిట్‌తో తుడవొద్దని కొట్లో చేరిన ప్రతివాడికీ నేనే చెప్తాను. నా సంబరంలో నేనే మర్చిపోయాను. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

ఇక లేజర్ వద్దు. ముందు రంగు, తరవాత చేత్తో కోత.

మా అత్తగారు సత్తెమ్మగారు భోజనాల దగ్గర ఒక మాటన్నారు. తాబేలు చొచ్చిన ఇల్లు బాగుపడదంటారు, కొట్లో ఆ తాబేటి చిప్పేంటమ్మా అని. కూర్మావతారం దేవుడు కాదా అన్నాను. దేవుడైతే గుళ్లో ఉంటాడు, నీ బల్ల మీద ఎందుకుంటాడు అన్నారు. ఆవిడతో ఇంతవరకూ ఏ వాదనా గెలవలేదు.

నవంబరు 30, ఆదివారం

ఓడలరేవు వెళ్ళాం. ఒడ్డుకి తాబేలు కొట్టుకొచ్చిందని ఎవరో చెప్తే, అసలు సరుకు చూద్దామని నేనే ఈయన్ని బయల్దేరదీశాను. చచ్చిపోయి ఉంది పాపం. వలలో చిక్కుకుని ఉంటుంది అన్నాడు అక్కడి జాలరి. చిప్ప బురద రంగు. ఒక్క మచ్చ లేదు. ఆ మచ్చలున్న రకం వేరేనట, మన ఒడ్డుకి ఎప్పుడోగాని రాదట.

నాకు దిగులు వేసింది, కొంచెం ధైర్యం కూడా వచ్చింది. అసలు ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ తెలియదు. కాబట్టి నాకు బాగుందనిపించేదాకా చేస్తే చాలు. బాగుండడమంటే ఏమిటో నాకు తెలుసు.

డిసెంబరు 4, గురువారం

వచ్చింది. వచ్చింది. ఇది రాసిపెట్టుకోవాలి, మళ్ళీ కావాలంటే జ్ఞాపకం ఉండదు.

షీటు కొయ్యకుండా పెద్దదిగానే ఉంచాను. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. రంగంతా వెనక వైపే. ముందు నుంచి చూసేవాళ్ళకి, మనం మొదట వేసింది అన్నిటికన్నా పైన కనిపిస్తుంది. అద్దాల మీద వెనక నుంచి తిరగేసి పేర్లు రాసిన చేతికి ఇది కొత్త కాదు. అందుకని నలుపు ముందు. పల్చటి పాలిష్‌లో నల్లటి కాఫీ రంగు కలిపి అక్కడక్కడ వంపాను. బ్రష్షు ముట్టుకోలేదు. షీటుని రెండు చేతులతో పట్టుకుని, పెనం మీద నూనె తిప్పినట్టు తిప్పాను. మచ్చ తనకెక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగింది. ఆరకముందే ఒట్టి స్పిరిట్ చుక్కలు వేశాను. చుక్క పడ్డచోట రంగు పక్కకి తప్పుకుని, అంచుల్లో పొగలా నిలిచింది. అది ఆరాక ఎరుపు, కొంచెమే. దాని వెనక తేనె రంగు నిండా. అన్నిటికీ వెనక మీగడ రంగు ఎనామిల్. పొద్దున్న మంచులో వేస్తే పాలిష్ తెల్లబారిపోతోంది, అందుకని పనంతా మిట్టమధ్యాహ్నమే.

ఇవాళ తిరగేసి చూశాను. కిందికి చూస్తున్నట్టుంది, నీళ్ళలోకి. ఈయన్ని పిలిచాను. వచ్చాడు, చూశాడు. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన కళ్ళజోడు తెచ్చుకుని చూసిన పని నాది ఇదొక్కటే.

నేను చేసినవాటిలో ఇంత మంచిది లేదు. ఈ జిల్లాలో ఎవరూ చెయ్యలేరు. ఇది గొప్ప కాదు, ఉన్న మాట.

డిసెంబరు 6

ఈయన సన్న రంపంతో కోశాడు. లక్షలు పోసిన మెషీన్ పక్కన పెట్టుకుని చేత్తో కోయడమేంటని సణుగుతూనే, నేను కోస్తానంటే రంపం ఇవ్వలేదు. అంచులు ఆకురాయితో ఏటవాలుగా అరగదీశాడు. పాత ముక్కలు టేపుతో అతికించి, వాటి మీద పెట్టి బెజ్జాలు వేశాం. అన్నీ కలిశాయి.

డిసెంబరు 8, సోమవారం

గండం గడిచింది. సూర్యప్రకాష్ గారు కొట్లోకి వచ్చారు. చర్చిలో దాతల పేర్లన్నీ ఒకే బోర్డు మీదకి తేవాలి చెల్లెమ్మా, క్రిస్మస్ లోపు కావాలి అన్నారు. ప్లేటు బల్ల మీదే ఉంది. దాచే వ్యవధి లేదు. ఆయన ఆ బోర్డు సంగతి వదిలేసి దాన్నే చూశారు. వేలితో ముట్టుకున్నారు. ఇదేంటమ్మా, ఇంత బావుంది, ఏ ఊరి సరుకు అన్నారు.

నాది అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. గోడగడియారం మోడలండీ, బయట నుంచి తెప్పించేం అన్నాను. ఆయ్, అదీ సంగతి, మన దగ్గర ఇలాంటివెక్కడ చేస్తారు అన్నారాయన.

తనకీ అలాంటి గడియారం ఒకటి తెప్పించమన్నారు. ఆయన వెళ్ళాక ఈయన నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు.

డిసెంబరు 11

అభిషేక్ వచ్చి బిగించుకున్నాడు. పాత ముక్కలు పక్కన పెట్టి చూశాడు, మళ్ళీ గిటారు చూశాడు. దీపాల వెలుతురు మారినప్పుడల్లా మచ్చలు కదులుతున్నాయండీ అన్నాడు. కదలాలనే చేశాను. ప్లగ్గు లేకుండానే కొంచెం వాయించాడు. దోమంత శబ్దం. ఎంత బాగా వాయిస్తాడో అయినా తెలిసింది. వెళ్ళేటప్పుడు మళ్ళీ గుర్తుచేశాడు, ఎవరికీ చెప్పొద్దండీ అని.

డిసెంబరు 12

వాడికి మాటిచ్చినప్పుడు ప్లేటు ఇంత బాగా వస్తుందని తెలియదు.

డిసెంబరు 14, ఆదివారం

రాత్రి మా చెల్లెలు అనురాధ ఫోన్. ఏంటక్కా కొత్త సంగతులు అంది. ఏం లేవన్నాను. ఊళ్ళో అందరి పేర్లూ రాసి బతికే మనిషిని. చేసినవాటిలో మేలైన దాని మీద నా పేరు లేదు, నోటితో చెప్పుకునే వీల్లేదు. దాన్ని ఎవరూ గుర్తుపట్టకపోతేనే నేను గెలిచినట్టు. ఇది ఏ రకం గెలుపో అర్థం కావడం లేదు. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు.

డిసెంబరు 21, ఆదివారం

దాతల బోర్డు బిగించడానికి చర్చికి వెళ్ళాం. రెబెకా వచ్చేసింది. నలభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. అభిషేక్ గిటారు ఆవిడ చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ గిటారు ఒళ్ళో పడుకోబెట్టుకుని, ప్లేటు మీద బొటనవేలితో రాసింది. ఒకచోట వేలు ఆగింది. తరవాత వాడికిచ్చేసి, బాగా చూసుకున్నావురా, కొత్తదానిలా ఉంది అంది. సూర్యప్రకాష్ గారు పక్కనే ఉన్నారు, కళ్ళు బోర్డు మీద తన పేరు మీదే, గిటారు వైపు చూడకుండానే తల ఊపారు.

ఆవిడ బోర్డు దగ్గరికొచ్చి, గిటారు అన్న మాట పక్కన తన పేరు చదువుకుంది. అక్షరాలు బావున్నాయండీ, మీరే రాసేరా అంది. అవునండీ, నేనే అన్నాను. చాలా గట్టిగా అన్నాను.

డిసెంబరు 25

యూట్యూబులో చర్చి లైవ్ చూశాను. కెమెరా వాడు గిటారుని నాలుగుసార్లు దగ్గరగా చూపించాడు. తెలివైనవాడు.

డిసెంబరు 27, శనివారం

మధ్యాహ్నం రెబెకా కొట్టుకి వచ్చింది, ఒంటరిగా. వాళ్ళమ్మకి కట్టించిన ఇంటికి నేమ్‌ప్లేటు కావాలంది. పేరు రాసుకున్నాను. పనయినా లేవలేదు. టీ తెప్పించాను.

అప్పుడు చెప్పింది. గిటారు కొన్నాక కార్గోలో వెయ్యడానికి డబ్బులు సర్దుబాటయ్యేదాకా అది తన గదిలోనే ఉందట. గదంటే మెట్ల కింద చోటు. తనకి వాయించడం రాదు. పనంతా అయ్యాక ఒళ్ళో పెట్టుకుని, లైటు కింద ఆ ప్లేటు చూస్తూ కూర్చునేదట. ఒక్కో మచ్చా ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలదట. అడుగున, మీటల దగ్గర, గోదారి మధ్య లంకలాంటి మచ్చ ఒకటి ఉండేదండీ అంది. అది మా లంకే అనుకునేదాన్ని. అందులో మా ఇల్లెక్కడో కూడా నాకు తెలుసండీ. ఇప్పుడు ఆ లంక లేదు.

ఇంకో టీ చెప్పాను.

గోదాట్లో లంకలు కోసుకుపోవడం మామూలేగదండీ అని తనే నవ్వింది. పిల్లోడు నన్ను చూస్తే ఒణికిపోతున్నాడండీ, అన్నం కూడా సరిగ్గా తినట్లేదు, అందుకని వాణ్ణేమీ అడగలేదు, అడగను కూడా అంది. తరవాత సూటిగా నా మొహంలోకి చూసి, ఆ ప్లేటు మీరే చేసేరాండీ అంది.

ఇన్ని రోజులుగా నేను ఎదురుచూసిన ప్రశ్న. అడగాల్సిన మనిషే అడిగింది. తెలిసిన మనిషి, మచ్చ మచ్చా ఎరిగిన మనిషి, ఇంకెవరి మెప్పూ దీని ముందు పనికిరాదు. అవునంటే ఆవిడ వాణ్ణి ఏమీ అనదని కూడా తెలుసు. కానీ మాట ఇచ్చింది ఆవిడకి కాదు. కాదండీ, మా దగ్గర షీల్డులూ బోర్డులే అన్నాను.

ఆయ్, అలాగేనండీ అని లేచింది. చెప్పులేసుకుని, గుమ్మంలో ఆగింది. మీకెప్పుడైనా కనిపిస్తే, చేసినావిడకి ఒక మాట చెప్పండి అంది. నేను కువైట్లో చూసుకున్నదాని కంటే ఇదే బావుందని.

ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయాక గాని, చేసినావిడ అని ఎందుకందో నాకు తట్టలేదు.

డిసెంబరు 28

చేసినావిడకి చెప్పాను. ఇదే బావుందని ఆవిడకి ముందే తెలుసట.