కొక్కెం మీది బరువు

నవంబర్ 9, ఆదివారం

హారిక చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంది. పట్టుకోనిచ్చింది ఒక్క నిమిషమే. తర్వాత లాక్కుంది.

కొత్త ట్రైలర్, నాకూ నా కూతురికీ మొదటి ప్రయాణం. మిర్యాలగూడ దాటి పది నిమిషాలు కాలేదు. పల్లం దిగుతుంటే వెనక ట్రైలర్ ఊగడం మొదలైంది — ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. బ్రేక్ తొక్కాను. ఇంకా ఎక్కువ ఊగి జీపును కూడా లాగేసింది. ఎదురుగా ధాన్యం లారీ. హారన్. "డాడీ! డాడీ!"... రోడ్డు దిగి మట్టిలో ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు.

రమ స్కూటీ మీద వచ్చింది. పిల్ల ఒళ్లంతా తడిమి చూసుకుంది. నన్ను తిడితే బాగుండేది. పిల్ల తల్లి వెనక కూర్చుని వెళ్లిపోయింది. తిరిగి చూడలేదు.

సూర్యాపేట దాకా ముప్పై స్పీడులో వచ్చాను. ఒక్కణ్ణే.

నవంబర్ 10

వేబ్రిడ్జి మీద పొద్దుటి నుంచి ధాన్యం బండ్లే. పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్ల బరువులన్నీ తూస్తున్నాను. నా బండిని మాత్రం ఒక్కసారీ కాంటా ఎక్కించలేదు.

మధ్యాహ్నం రమ ఫోన్. "పిల్ల ఇయ్యాల స్కూలుకు పోలె. గా డబ్బా మాట ఇగ ఎత్తకు."

డబ్బా అంది.

విడిపోయి రెండేళ్లు. నెలలో రెండో ఆదివారం నాది. ఆ ఒక్క రోజు మేమిద్దరం కూర్చునేదెక్కడ? రమ ఇంట్లోకి నేను పోను. ఐస్‌క్రీమ్ షాపులో గంట, బస్టాండులో గంట, తను ఫోన్ చూసుకుంటూ, నేను తనను చూసుకుంటూ. అందుకే చేయించాను ఈ ట్రైలర్ — రెండు మంచాలు, ఒక స్టవ్వు, ఒక బల్ల. కాలువ పక్కన ఆపుకుని అన్నం వండుకుని తినడానికి.

నవంబర్ 12

కాంటా కాసేపు ఖాళీ. ట్రైలర్‌ను జీపు నుంచి విప్పి మొత్తం తూచాను — 820 కిలోలు. మళ్లీ తగిలించి, దాని చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి తూచాను — 790. అంటే జీపు కొక్కెం మీద పడుతున్నది ముప్పై కిలోలే.

తక్కువా, ఎక్కువా? నాకు తెలియదు.

నవంబర్ 15

కోదాడ. ట్రైలర్ చేసిన యాదగిరి షెడ్డు. తూకాల కాగితం చూపించగానే తల కొట్టుకున్నాడు.

"నేనప్పుడే చెప్పిన సార్, నీళ్ల ట్యాంకు వెనకొద్దని. వెనక బరువైతే ముందు తేలిపోద్ది, తోక ఊపుద్ది. మొత్తంలో పదో వంతన్నా కొక్కెం మీద పడాలె."

చెప్పాడు. నిజమే. ముందు మంచం కింద పెట్టె హారిక సామానుకు కావాలని పట్టుబట్టింది నేనే.

వంద లీటర్ల ట్యాంకును ఆ పెట్టెలోకి మార్చాం. ఇప్పుడు ముందు మరీ బరువు, జీపు వెనక కుంగింది. "తక్కింది వెనక్కి జరుపుకోండి. ఇంట్లో ఎవరన్నా చెయ్యి సాయం ఉన్నరా?"

"ఉన్నరు" అన్నాను. ఎందుకన్నానో.

నవంబర్ 16, ఆదివారం

సామానంతా దించి కాంటా గది వాకిట్లో పరిచాను. బ్యాటరీ, సిలిండర్, బియ్యం, కుర్చీలు రెండు. తర్వాత ఒక అట్టపెట్టె — క్యారమ్ బోర్డు, రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు, కుందేలు బొమ్మ ఉన్న దుప్పటి. అన్నీ ఎనిమిదేళ్ల పిల్లకు ఇష్టమైనవి. హారికకు పద్నాలుగు.

ఇప్పుడేం ఇష్టమో తెలియదు. అడగలేదు ఎప్పుడూ.

అట్టపెట్టె గదిలో పెట్టేశాను. బ్యాటరీ, స్టవ్వు, సిలిండర్ వెనక్కి జరిపాను. తూచాను. మళ్లీ జరిపాను. ఏడోసారికి మొత్తం ఎనిమిది వందల్లో కొక్కెం మీద ఎనభై.

నవంబర్ 18

ఎవరితోనూ మాట్లాడలేదు ఇవాళ. బండి నంబర్లు తప్ప.

నవంబర్ 23, ఆదివారం

సూర్యాపేట నుంచి కోదాడ దాకా. నలభై... యాభై... అరవై. గీత గీసినట్టు వస్తోంది వెనక. "చూశావా!" అన్నాను పైకే. పక్క సీట్లో నీళ్ల సీసా.

రమకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ట్రైలర్ సరిచేశానని, హారికకు చెప్పమని మెసేజ్ పెట్టాను.

నవంబర్ 30, ఆదివారం

హారిక మెసేజ్! ఇరవై రోజుల తర్వాత.

"ఏం మార్చినవ్ డాడీ?"

లెక్కలన్నీ కాగితం మీద వేసి, బొమ్మ గీసి, ఫొటో పంపాను. ఎక్కువ పంపానేమో... రాత్రికి వాయిస్ మెసేజ్ పంపింది.

"మరి నీళ్లు వాడుకున్నంక? ట్యాంకు ఖాళీ అయితే ముందర బరువు పోతది గద. వచ్చేటప్పుడు మళ్ల ఊగదా?"

నాలుగుసార్లు విన్నాను. నాకు తట్టనేలేదు.

డిసెంబర్ 1

ట్యాంకు ఖాళీ చేసి తూచాను. కొక్కెం మీద ఇరవై. మొదటికంటే తక్కువ.

తీసుకెళ్లి ఉంటే తిరుగు ప్రయాణంలో... పిల్ల జీపులో ఉండగా... ఆ మాట పూర్తిగా రాయను.

"నువ్వన్నదే నిజం" అని పంపాను. "చక్రాల మీదకి జరుపు. అప్పుడు నిండున్నా ఖాళీ ఉన్నా ఒకటే" అని జవాబు. చక్రాల మీద ఉన్నది బల్ల. ఇద్దరం తినడానికి చేయించింది. అదే చెప్పాను.

"ట్యాంకు మీద చెక్క ఏస్తే అదే బల్ల."

డిసెంబర్ 7, ఆదివారం

యాదగిరి విని నవ్వాడు. "ఎవరు సార్ ఈ ఇంజనీరు?"

"మా అమ్మాయి."

ట్యాంకు నడుమకు వచ్చింది. చెక్క వేశాం. బ్యాటరీ మళ్లీ ముందుకు. నిండుగా ఎనభై. ఖాళీగా ఎనభై. రెండుసార్లూ ఫొటో తీసి పంపాను. పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

డిసెంబర్ 13

రమ ఫోన్. "నేను పొమ్మన, వద్దన. దాని ఇష్టం." ఆగింది. "రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుండె. నీకు చెప్పొద్దన్నది."

బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. ఎక్కడికీ రానంటే ఏం చేయాలి...

డిసెంబర్ 14, ఆదివారం

మిర్యాలగూడ. రైలు గేటు దగ్గర జీపు ఆపుకుని ఇది రాస్తున్నాను.

వాళ్ల వీధి మొదట్లోకి వచ్చింది హారిక. పొడుగైనట్టు అనిపించింది. నా వైపు కంటే ట్రైలర్ వైపే ఎక్కువ చూసింది. కొక్కెం పట్టుకుని ఊపింది. లోపలికెళ్లి చెక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. జీపు తలుపు తీసి పట్టుకున్నాను. ఎక్కలేదు.

"నువ్వు పోయి రా. గేటు దాటి తిరిగి రా. నేను గీడ నిలబడి సూస్త."

"సూసినంక?"

"ముందు పోయి రా డాడీ."

వెళ్లాను. అద్దంలో ట్రైలర్ కదలకుండా వెనకే వచ్చింది, గోడ పక్కన హారిక చిన్నగా అయిపోయింది. గేటు దాటి, మిల్లు ముందు ఖాళీలో తిప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి గేటు పడింది.

గూడ్సు పోతోంది. పెట్టె తర్వాత పెట్టె. అవతల ఎవరున్నారో కనిపించడం లేదు. నిలబడి ఉందో... వెళ్లిపోయిందో. ఫోన్ చేయొచ్చు. చేయను.

చివరి పెట్టె పోయింది. గేటు లేస్తోంది —