పిడిలో దొరికిన గుండీ

నాన్నా, స్కూటర్ తియ్యకు, యాక్సిలరేటర్ పిడి ఊడదీసి ఉంది. నేను బస్సులో వెళ్తున్నా.

బండి నలభై దాటట్లేదని ప్లగ్గు మార్చా, కార్బురేటర్ కడిగించా. తలప్రాణం తోకకొచ్చింది. పొద్దున పిడి విప్పి చూస్తే, పూర్తిగా తిరక్కుండా లోపల గుండీ ఇరికించి ఉంది. నువ్వు కోట్లకి కుట్టే గోధుమరంగు గుండీ! నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే రాదు, ఎలా పెట్టావు? మరి నిన్న అడిగితే "ఇంజన్ ముసలిదైపోయిందమ్మా" అన్నావేం? నాకేం అర్థం కావట్లేదు.

గుండీ ఎగిరిపోకుండా ఈ చీటీ మీదే పెట్టా. కాదు, చీటీ ఎగిరిపోకుండా గుండీ పెట్టా. చూశావా, బుర్ర ఎలా తిరుగుతోందో!

తా.క. నేను బండి మీంచి పడ్డప్పుడు చిరిగిన ప్యాంటు మోకాలు రాత్రికి రాత్రే కుట్టిచ్చావు కదా. బండి నెమ్మదించింది ఆ మర్నాటి నుంచే. పోనీ, గుండీ మళ్ళీ అక్కడే పెట్టేయ్.