బుస కొట్టే చదువు

కడియం,
సోమవారం.

తబిత టీచరు గారికి,

కడియం నర్సరీ జోగేశ్వరరావు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మా వైపు కుశలం లేదండి. మీ యూకేజీలో చదివే హరిచందనకి నేను తాతయ్యని. అబ్బాయి, కోడలు పొద్దున్నే రాజమండ్రి ఉద్యోగాలకి పోతారు కాబట్టి పిల్ల చదువు పూచీ నాది. ఈ గోడు మీ స్కూలు వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు చూపించి ఊరుకున్నారు. అందుకే కాగితం మీద పెట్టి ఆటో శ్యాంబాబు చేతికిస్తున్నాను.

బళ్లో వేసి ఇన్నాళ్లయినా పిల్లకి ఏ ఫర్ ఆపిల్ రాదు. ఇదేం అక్షరమమ్మా అంటే "స్స్స్" అంటుంది. ఇంకోటి చూపిస్తే "ట్ ట్ ట్" అంటుంది. మొన్న వేపపిండి బస్తాల వెనకాల కూర్చుని హోంవర్కు చేసుకుంటుంటే, మా కూలీలు పామనుకుని కర్రలు పట్టుకొచ్చారు. మా ఆవిడ మీనాకుమారి పిల్లకి మాట పడిపోతోందేమోనని బెంగపెట్టుకుని, వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసింది. ఇప్పుడు అదే బుస ఇంకా స్పష్టంగా కొడుతోంది.

ఈ నెలాఖరు ఆదివారం నిడదవోలు నుంచి మా అక్క దేవకుమారి, బావ అప్పారావు వాళ్ల మనవడు గణేష్‌బాబుని తీసుకుని వస్తున్నారు. ఆ కుర్రాణ్ణి హాల్లో నిలబెడితే ఏ నుంచి జెడ్ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఆ పక్కన మా పిల్ల నిలబడి బుస కొడితే నా పరువేం కావాలండి? ఆలోగా దారికి రాకపోతే టీసీ తీసుకుని, గణేష్‌బాబు చదివే స్కూలు బ్రాంచి ఇక్కడా ఉంది, అందులో వేసేస్తాను.

ఇట్లు,
కోపంలోనూ మర్యాద తప్పని
జోగేశ్వరరావు

తా.క.: వస మొక్కలు మా నర్సరీలో బోలెడున్నాయి. మీ క్లాసంతా ఇదే వరసట కదా, కావాలంటే పంపుతాను.


బుధవారం.

గౌరవనీయులు జోగేశ్వరరావు గారికి,

తబిత నమస్కారాలు. మీ ఉత్తరం చదివి స్టాఫ్‌రూములో గట్టిగా నవ్వినందుకు ముందే మన్నించండి. హరిచందనకి ఏ జబ్బూ లేదండి. మేము అక్షరం పేరు కంటే ముందు అది పలికే శబ్దం నేర్పుతాం. దీన్ని ఫోనిక్స్ అంటారు. శబ్దాలు పట్టుబడితే, వాటిని ఒకదానికొకటి కలుపుకుని, ఎన్నడూ చూడని మాటని కూడా పిల్లలు సొంతంగా చదువుతారు. ఆపిల్ బొమ్మ చూసి ఏ అనడం చదవడం కాదండి, పండుని గుర్తుపట్టడం.

మీరూ ఓ చెయ్యి వేయండి. ఒకే శబ్దంతో మొదలయ్యే వస్తువులన్నీ ఏరి ఒకచోట చేర్చమనండి. తెలుగు పేర్లయినా పర్వాలేదు. పిల్లలకి ఈ ఆట చాలా ఇష్టం.

ఉంటానండి,
తబిత

తా.క.: వస ఇక వద్దండి. అది రాసినప్పటి నుంచి క్లాసులో నన్ను కూడా మాట్లాడనివ్వడం లేదు.


కడియం,
శనివారం.

తబిత టీచరు గారికి,

జోగేశ్వరరావు నష్టపోయి రాయునది.

మీరు చెప్పిన ఆట ఆడించాను. పిల్ల "మ" ఎంచుకుంది. సరే ఆడుకోమ్మా అని నేను ఓ కునుకు తీశాను. ఆ కాసేపట్లోనే మందారాలు, మల్లెలు, మామిడి అంట్లు, మునగ మొక్కలు అన్నిటినీ కూలీల చేత మోయించి గేటు దగ్గర వరస పెట్టించింది. తాతయ్య ఆడమన్నాడని చెబితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? మా నర్సరీల్లో ఓ పద్ధతుందండి. గేటు దగ్గర వరస కట్టి ఉందంటే అది లోడుకి సిద్ధమైనట్టే, ఎవరూ ఎవర్నీ అడగరు. నేను లేచేలోపే మధ్యాహ్నం డ్యూటీకొచ్చినవాళ్లు మొత్తం ఒడిశా లారీకెక్కించేశారు. ఆ లారీకి వెళ్లాల్సినవి క్రోటన్లు. వాటికి బదులు మామిడి అంట్లతోపాటు మజ్జిగ గిన్నె, మరచెంబు కూడా వెళ్లిపోయాయి.

మామ్మ కూడా "మ" కాబట్టి మా ఆవిణ్ణి కుర్చీ వేసి ఆ వరసలోనే కూర్చోబెట్టింది. ఈవిడని కూడా ఎక్కించాలాండి అని క్లీనరు అడిగాడట. అదృష్టం కొద్దీ అడిగాడు.

ఇంక నా వల్ల కాదు. నెలాఖరు ఆదివారం చుట్టాల ముందు తల దించుకుని, ఆ మర్నాడు సోమవారం మీ దగ్గరికొస్తాను. టీసీ సిద్ధం చేసి ఉంచండి.

ఇట్లు,
జోగేశ్వరరావు

తా.క.: ఒడిశా పార్టీ ఫోన్ చేశాడు. క్రోటన్ల మాటే ఎత్తలేదు. మజ్జిగ గిన్నె బాగుంది, ఇంకో పాతిక పంపమన్నాడు.


మంగళవారం.

గౌరవనీయులు జోగేశ్వరరావు గారికి,

నమస్కారాలతో తబిత రాస్తున్నది. జరిగిన నష్టానికి సిగ్గుపడుతున్నానండి. అయినా చూడండి, ఆ వరసలో ఒక్క మొక్క తప్పు లేదు. మరచెంబు పేరు మా స్టాఫ్‌లో సగం మందికి తెలియదు.

హరిచందన ఇప్పుడిప్పుడే శబ్దాలు కలపడం మొదలుపెట్టింది. ఈ దశలో మాన్పించి మళ్లీ బొమ్మల ముందు కూర్చోబెడితే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆదివారం దాన్ని హాల్లో నిలబెట్టి అప్పజెప్పమనకండి. పుస్తకం కూడా వద్దు. ఇల్లంతా తిప్పి, ఏ వస్తువు మీదైనా మూడక్షరాల ఇంగ్లీషు మాట కనిపిస్తే చదవమనండి. చదవలేకపోతే టీసీ నేనే మీ ఇంటికి తెచ్చిస్తాను.

ఉంటానండి,
తబిత

తా.క.: ఏం చదవాలో మీరు ముందే చూసి పెట్టకండి. అప్పుడది పరీక్ష కాదు.


కడియం,
ఆదివారం సాయంత్రం.

తబిత టీచరమ్మకి,

హరిచందన మామ్మ మీనాకుమారి ఆశీర్వదించి రాయునది. ఈసారి ఉత్తరం నేను రాస్తున్నాను. ఈయన రాసే పరిస్థితిలో లేరు. ఒంట్లో బాగానే ఉంది.

గణేష్‌బాబు వచ్చీ రాగానే ఏ నుంచి జెడ్ దాకా దంచేశాడు. అప్పారావు అన్నయ్యగారు మీసం మీద చెయ్యి వేశారు. ఈయనకి రోషం వచ్చి, మా పిల్ల అప్పజెప్పదు, చదువుతుంది, ఏది చూపిస్తే అది చదువుతుందని అందర్నీ వెంటేసుకుని బయల్దేరారు. అట్టపెట్టె మీద "టాప్" అని చదివింది. ప్లాస్టిక్ టబ్బు మీద "టబ్" అని చదివింది. ఈయన నడక మారిపోయింది. ఇల్లు చాల్లేదని నర్సరీ షెడ్డులోకి కూడా తీసుకెళ్లారు.

అక్కడ మందుల అల్మారాలో ఓ సీసా ఉంటుంది. మొక్కలకి వేళ్లు దిగడానికి యానాం నుంచి తెప్పించిన టానిక్కని, చాలా పవరని, రోజూ సాయంత్రం ఆయనే స్వయంగా వెళ్లి పోయాలని చెబుతూ వచ్చారు. నాకు తెలుగు తప్ప ఇంగ్లీషు ముక్క రాదు, నమ్మాను. పిల్ల ఆ సీసా మీద వేలు పెట్టి "ర్... అ... మ్" అని ఒక్కొక్కటే పలికి, కలిపి "రమ్" అంది. తరవాత వెనక్కి తిరిగి అడిగింది.

"తాతయ్యా, రమ్ ఏ మొక్కకి పోస్తారు?"

ఈయన నోట్లోంచి "స్స్స్" అని మాత్రం వచ్చింది.

నాకు కోపం తరవాత వచ్చిందమ్మా. ముందు కళ్లనీళ్లు వచ్చాయి. ఎవరూ నేర్పని మాట, మాలో ఎవరూ చెప్పుకోని మాట, అంత పసిది తనంతట తానే కూడబలుక్కుని చదివింది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. పిల్లని తక్షణం స్కూలు మార్చెయ్యాలని ఈయన మునుపటి కంటే ఎక్కువ పట్టుదలగా ఉన్నారు. నేనుండగా అది జరగదు. టీసీ రాస్తే చింపెయ్యండి.

మీ మేలు మరువని
మీనాకుమారి

తా.క.: టానిక్కు తగ్గిపోతోందని ఈయన వాచ్‌మన్ పల్లంరాజుని అనుమానిస్తున్నారు. పాపం అతనికేం తెలియదు. అంత పవరున్న మందని, నా కనకాంబరాలకి పోస్తున్నది నేనే. పోసిన ఆ నాలుగు మొక్కలూ చచ్చాయి.

ఇంకో తా.క.: మా వదిన దేవకుమారి ఊరికి వెళుతూ నన్ను పక్కకి పిలిచి, గణేష్‌బాబుని మీ క్లాసులో చేర్చుకుంటారేమో కనుక్కోమంది. నిడదవోలు నుంచి రోజూ ఎలా వస్తాడమ్మా అంటే, ఇక్కడే మా ఇంట్లో ఉంచుతుందట. వాళ్ల ఇంట్లో కూడా మొక్కలున్నాయట, అన్నయ్యగారు కూడా స్వయంగానే టానిక్కు పోస్తారట.